లెక్కకు లొంగనివాళ్ళు: విటమిన్ ‘కె’ పరిశోధనపై సింహావలోకనం

గోదావరి డెల్టాలో వరి పండించే రైతుకు 96:2:2 లెక్క కొత్త కాదు. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ పొడి కలిపి, పొట్లాలు కట్టి కన్నాల్లో పెడితే కొద్ది రోజుల్లో ఎలుకలు లోలోపలే నెత్తురు కారి చస్తాయి. అదే రైతు ఇంట్లో ఎవరికైనా గుండె కవాటం తీసి లోహపు కవాటం అమర్చి ఉంటే, నెత్తురు గడ్డకట్టకుండా వాళ్ళు రోజూ వేసుకునే అసిట్రామ్ మాత్ర కూడా ఆ పొడికి చుట్టమే. రెండూ శరీరంలో ఒకే ప్రోటీను మీద పనిచేస్తాయి. ఆ ప్రోటీను ఏదో, దాన్ని తయారుచేసే జన్యువు ఎక్కడుందో తెలియకుండానే వైద్యులు అరవై ఏళ్ళకు పైగా ఈ కుటుంబపు మందులతో రోగుల్ని కాపాడుకొచ్చారు. తెలిసింది 2004లో.

ఈ చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ముందుకు పడ్డ ప్రతి అడుగు వెనకా ఒక తేడా ప్రాణి ఉంది. నెత్తురు గడ్డకట్టని కోడిపిల్ల, చిన్న కోతకే చచ్చిన ఆవు, విషం తిని కూడా చావని ఎలుక, పాతికమందికి సరిపోయే మందు మింగినా నెత్తురు పలచబడని మనిషి. సగటు లెక్కలు నమ్ముకున్నప్పుడల్లా ఈ శాస్త్రం చతికిలబడింది. లెక్కకు లొంగనివాళ్ళను పట్టించుకున్నప్పుడల్లా కదిలింది.

మొదటిది కోడిపిల్ల. 1929లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో హెన్రిక్ డామ్ ధ్యాసంతా కొలెస్టరాల్ మీద ఉండేది. కోడిపిల్లలు దాన్ని సొంతంగా తయారుచేసుకోగలవా అన్నది ఆయన ప్రశ్న. కొవ్వు పూర్తిగా తీసేసిన మేత పెట్టి చూశాడు. చేసుకోగలవని తేలింది. అక్కడితో ఆ పని ముగియాలి. కానీ రెండు మూడు వారాలకు కొన్ని పిల్లలకు చర్మం కింద, కండల్లో నెత్తురు చేరడం మొదలైంది. తీసి చూస్తే ఆ నెత్తురు ఎంతకీ గడ్డకట్టలేదు. నెత్తురు కారే జబ్బు అనగానే ఆ రోజుల్లో గుర్తొచ్చేది స్కర్వీ. నిమ్మరసం ఇచ్చాడు, లాభం లేకపోయింది. కొలెస్టరాల్ తిరిగి కలిపాడు, కాడ్ లివర్ నూనె పోశాడు, తగ్గలేదు. పంది కాలేయం, పచ్చని ఆకులు పెడితే తగ్గింది. కొవ్వులో కరిగే, అంతవరకూ ఎవరికీ తెలియని ఈ పదార్థానికి 1935లో విటమిన్ ‘కె’ అని పేరు పెట్టాడు. ఆయన రాసే భాషల్లో గడ్డకట్టడం అనే మాట ఆ అక్షరంతోనే మొదలవుతుంది.

అదే కాలంలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో హెర్మన్ ఆల్మ్‌క్విస్ట్, ఆయనతో పనిచేసే రాబర్ట్ స్టాక్‌స్టాడ్ కూడా చేపపొడి మేత తిన్న కోడిపిల్లల్లో ఇదే జబ్బు చూశారు. తడిసి కుళ్ళిన చేపపొడిలో జబ్బును మాన్పే గుణం పుట్టుకొస్తోందనీ గమనించారు. ఈ విటమిన్‌ను బాక్టీరియా కూడా తయారుచేస్తుందని తెలియడానికి అదే నాంది. పాపం, వాళ్ళ వ్యాసం విశ్వవిద్యాలయ పెద్దల తర్జనభర్జనల్లో నలిగి, ‘సైన్స్’ పత్రిక తిప్పి పంపితే ‘నేచర్’కు చేరి అచ్చయ్యేసరికి, అదే పత్రికలో డామ్ వ్యాసం కొద్ది వారాల ముందే వచ్చేసింది. 1943 నోబెల్ బహుమతి డామ్‌కూ, విటమిన్‌ను విడదీసి దాని రసాయన స్వరూపం తేల్చిన సెయింట్ లూయిస్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డాయిజీకీ దక్కింది. డాయిజీ కె1ను లూసర్న్ గడ్డి నుంచి తీశాడు, కె2ను కుళ్ళిన చేపపొడి నుంచి. రెండోదానికి దారి వేసింది బర్క్‌లీ వాళ్ళే. ఆ బహుమతి పత్రంలో మూడో పేరు ఉండాల్సిందని నా అభిప్రాయం. స్టాక్‌స్టాడ్‌ను మాత్రం తెలుగువాళ్ళు ఇంకో రకంగా గుర్తుపెట్టుకోవచ్చు. ఆయన తర్వాత లెడర్లీ ప్రయోగశాలల్లో చేరి, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని సాధించిన బృందంలో ముఖ్యుడయ్యాడు.

విటమిన్ చేతికొచ్చాక వైద్యులు ఆలస్యం చెయ్యలేదు. పిత్తవాహిక మూసుకుపోయి కామెర్లు వచ్చినవాళ్ళకు ఆపరేషన్ చేస్తే నెత్తురు ఆగక చనిపోవడం అప్పట్లో శస్త్రవైద్యుల పీడకల. పైత్యరసం పేగులోకి దిగకపోతే కొవ్వులో కరిగే విటమిన్ ఒంటికి పట్టదు, అందుకే నెత్తురు ఆగదు. 1938లో అయోవా విశ్వవిద్యాలయం, మేయో క్లినిక్ వైద్యులు విటమిన్ ‘కె’తో ఈ మరణాలను ఆపవచ్చని చూపించారు. పసికందులదీ ఇలాంటి కథే. మాయ దాటి బిడ్డకు చేరే విటమిన్ ‘కె’ చాలా తక్కువ, తల్లిపాలలోనూ తక్కువే, పుట్టిన బిడ్డ పేగులో దాన్ని తయారుచేసే బాక్టీరియా ఇంకా ఉండదు. పుట్టిన కొద్ది రోజులకే బొడ్డు నుంచో, పేగుల్లోంచో, ఒక్కోసారి మెదడులోనో నెత్తురు కారే జబ్బును బోస్టన్ వైద్యుడు టౌన్‌సెండ్ 1894లోనే వర్ణించాడు. 1961లో అమెరికా శిశువైద్యుల అకాడమీ ప్రతి శిశువుకూ ఈ విటమిన్ ఇవ్వాలని సిఫార్సు చేసింది. ఇవాళ మన ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టగానే తొడకు వేసే 1 మిల్లీగ్రాము సూది అదే. 1990ల మొదట్లో ఈ సూదికీ బాల్య క్యాన్సర్లకూ సంబంధం ఉందని ఇంగ్లండ్‌లో ఒక అధ్యయనం కలవరం రేపింది. తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో అది నిలబడలేదు.

ఇక ఆవుల కథ. ఇది కాస్త తీరిగ్గా చెప్పుకోవాల్సిందే.

1920ల మొదట్లో కెనడాలో, అమెరికా ఉత్తర మైదానాల్లో పశువులు విచిత్రంగా చావసాగాయి. కొమ్ములు కోసినా, విత్తులు కొట్టినా నెత్తురు ఆగేది కాదు. ఒక్కోసారి ఏ గాయమూ లేకుండానే లోపల కారి చచ్చేవి. అంటువ్యాధి అనుకున్నారంతా. ఒంటారియో పశువైద్య కళాశాలలో ఫ్రాంక్ స్కోఫీల్డ్ కారణం పట్టుకున్నాడు. పేద నేలల్లోనూ పెరుగుతుందని రైతులు వేసుకున్న స్వీట్ క్లోవర్ అనే మేతగడ్డి తడిసి బూజు పడితే విషమవుతోంది. అదే గడ్డిలో బూజు లేని కాడలు తిన్న కుందేలు బతికింది, బూజు పట్టినవి తిన్నది చచ్చింది. ఈ స్కోఫీల్డ్ మామూలు మనిషి కాడు. పోలియో వల్ల కుంటుతూనే 1916లో కొరియా వెళ్ళి సోల్ నగరంలో వైద్యవిద్య బోధించాడు. 1919లో జపాను పాలన మీద కొరియా ప్రజలు తిరగబడినప్పుడు ఆ ఉద్యమాన్నీ, తర్వాత జేఅమ్‌రీ అనే ఊళ్ళో జరిగిన మారణకాండ ఆనవాళ్ళనూ ఫోటోలు తీసి లోకానికి చూపించాడు. తిరిగొచ్చి ఆవుల జబ్బు పట్టుకున్నాడు. ముసలితనంలో మళ్ళీ కొరియా వెళ్ళి 1970లో అక్కడే కన్నుమూశాడు. సోల్ జాతీయ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. పశువైద్యుల చరిత్రలో ఇలాంటి జీవితం ఇంకొకటి నాకు తెలీదు.

కారణం తెలిసినా మందు దొరకలేదు. బూజుగడ్డి పారెయ్యండి, లేదా మంచి పశువు నెత్తురు ఎక్కించండి, అంతే సలహా. ఆర్థిక మాంద్యం రోజుల్లో గడ్డి పారేసి కొత్త మేత కొనే స్తోమత ఎవరికుంది? 1933 ఫిబ్రవరిలో మంచుతుఫాను కురుస్తుంటే విస్కాన్సిన్ రాష్ట్రం డీర్ పార్క్ నుంచి ఒక రైతు దాదాపు 190 మైళ్ళు బండి నడుపుకుంటూ మాడిసన్ చేరాడు. బండిలో ఒక చచ్చిన పెయ్య, 100 పౌన్ల బూజుగడ్డి, పాలక్యానులో గడ్డకట్టని నెత్తురు. ఆ రోజు శనివారం, పశువైద్యాధికారి ఆఫీసు మూసి ఉంది. తెరిచి ఉన్న తలుపు వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్‌ది. అప్పటికి ఆయన కూడా స్కోఫీల్డ్ సలహాకు మించి ఏమీ చెప్పలేకపోయాడు. వట్టిచేతులతో వెళ్ళిపోతున్న ఆ రైతును చూసి లింక్ శిష్యుడు షోఫెల్ ఊగిపోయాడనీ, ఆ క్యానులోని నెత్తురుతో వాళ్ళు ఆ రాత్రే పని మొదలుపెట్టారనీ లింక్ తర్వాత రాసుకున్నాడు. చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఆ కథకు ఆయన కొంచెం రంగు పులిమాడేమో. పొడవాటి జుట్టు, వింత దుస్తులు, తీవ్ర రాజకీయాలతో విశ్వవిద్యాలయ పాలకులకు తలనొప్పిగా ఉండే ఆయనకు నాటకీయత అంటే ఇష్టమే. పని మాత్రం నాటకం కాదు. ఆరేళ్ళు పట్టింది. 1939 జూన్‌లో హెరాల్డ్ క్యాంప్‌బెల్ అనే శిష్యుడికి ఆరు మిల్లీగ్రాముల స్ఫటికాలు దొరికాయి. కోసిన గడ్డికి తియ్యటి వాసననిచ్చే కూమరిన్‌ను బూజు మార్చివేసి, రెండేసి జంటగా అతికించి తయారుచేసిన పదార్థం అది. దానికి డైకూమరాల్ అని పేరు పెట్టారు. 1941 నాటికి మేయో క్లినిక్‌లో నెత్తురు గడ్డలు కట్టే రోగులకు దాన్ని వాడటం మొదలైంది. ఎక్కువైతే విరుగుడు విటమిన్ ‘కె’ అని లింక్ బృందమే చెప్పింది. వైద్యులు కొన్నాళ్ళు చెవిన పెట్టలేదు.

1945లో జబ్బుపడి శానిటోరియంలో పడుకున్న లింక్ ఎలుకల నిర్మూలన చరిత్ర చదువుతూ కాలక్షేపం చేశాడు. డైకూమరాల్ ఎలుకలకు నెమ్మదిగా పనిచేస్తుంది. తన ప్రయోగశాలలో తయారైన కూమరిన్ల జాబితాలో 42వది దానికన్నా బలమైనదని ఆయన గుర్తించాడు. పేటెంటు చూసుకునే విస్కాన్సిన్ పూర్వవిద్యార్థుల సంస్థ పేరులోని అక్షరాలతో దానికి వార్ఫరిన్ అని పేరు కట్టారు. 1948లో ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది. ఎలుక తిన్న వెంటనే చావదు, అందుకని మిగతా ఎలుకలకు మేత మీద అనుమానం రాదు. ఎలుకల మందుగా దాని బలమంతా అందులోనే ఉంది. 1951లో అమెరికా సైన్యంలో కొత్తగా చేరిన ఒక యువకుడు చనిపోవాలని కొన్ని రోజులపాటు మొత్తం 567 మిల్లీగ్రాములు మింగాడు. విటమిన్ ‘కె’ ఇచ్చి, నెత్తురు ఎక్కించేసరికి కోలుకున్నాడు. మనిషికి ఇవ్వవచ్చన్న ధైర్యం అలా వచ్చింది. 1954లో మందుగా అనుమతి దొరికింది. 1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు వార్ఫరిన్ ఇచ్చారు. దేశాధ్యక్షుడికిచ్చిన మందును ఎలుకల మందు అని ఈసడించేవాళ్ళు ఆ తర్వాత తగ్గిపోయారు.

వాడకం పెరిగేకొద్దీ వైద్యులకు తల తిరిగింది. ఒకరికి రోజుకు 2 మిల్లీగ్రాములు చాలు. మరొకరికి 10 ఇచ్చినా చాలదు. కాస్త తక్కువైతే కవాటం మీద గడ్డ కట్టి పక్షవాతం, కాస్త ఎక్కువైతే మెదడులో నెత్తురు. 1935లో మిల్వాకీ వైద్యుడు ఆర్మండ్ క్విక్ కనిపెట్టిన, నెత్తురు గడ్డకట్టే సమయాన్ని కొలిచే ప్రోత్రాంబిన్ పరీక్షే దిక్కు. ఒక్కో ప్రయోగశాలలో ఒక్కో అంకె వస్తోందని 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఒక కొలమానానికి తెచ్చింది. అదే ఐ.ఎన్.ఆర్. మందు వాడే చాలామందిలో దాన్ని 2, 3 మధ్య నిలపడమే వైద్యుడి పని. మోతాదు మాత్రం వేసి చూడటం, కొలవడం, మళ్ళీ వేసి చూడటం.

ఈ తేడాకు మూలం పుట్టుకలోనే ఉందని రెండు చోట్ల నుంచి సూచనలు వచ్చాయి. 1958లో స్కాట్లండ్‌లోని ఒక పొలంలో వార్ఫరిన్ తిన్న ఎలుకలు హాయిగా తిరుగుతుండటం కనబడింది. వేల్స్ సరిహద్దులోనూ అంతే. పిల్లలకూ ఆ గుణం వస్తోంది. 1964లో అమెరికాలో రాబర్ట్ ఓరైలీ ఒక కుటుంబాన్ని వర్ణించాడు. అందులో మొదట దొరికిన రోగికి నెత్తురు పలచబడాలంటే రోజుకు 145 మిల్లీగ్రాములు కావాల్సి వచ్చింది. మూడు తరాల్లోనూ ఇదే వరస. ఎలుకలదీ, ఈ కుటుంబానిదీ ఒకే జన్యువు అయ్యుంటుందా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. జవాబుకు నలభై ఏళ్ళు పట్టింది. ఈలోగా ఎలుకల మందుల కంపెనీలు మాత్రం కాచుక్కూచోలేదు. మొండి ఎలుకలకోసం బలమైన రెండో తరం మందులు తెచ్చాయి. మన పొలాల్లోని బ్రోమోడయోలోన్ వాటిలో ఒకటి.

విటమిన్ ‘కె’ అసలు చేసే పని ఏమిటన్నది 1974 దాకా చీకటే. స్వీడన్‌లో జోహాన్ స్టెన్‌ఫ్లో, నెత్తురు గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోత్రాంబిన్ అనే ప్రోటీనును మామూలు ఆవుల నుంచి తీసి, డైకూమరాల్ తిన్న ఆవుల ప్రోత్రాంబిన్‌తో పోల్చి చూశాడు. రెండూ ఒకేలా ఉన్నాయి, కానీ రెండోదానికి కాల్షియం అతుక్కోవడం లేదు. తేడా ఒక మూలన దొరికింది. మామూలు ప్రోత్రాంబిన్ మొదటి భాగంలోని పది గ్లుటామిక్ ఆమ్లాలకు ఒక్కోదానికి అదనంగా ఒక కార్బాక్సిల్ గుంపు తగిలి ఉంది. కాల్షియాన్ని పట్టుకుని ప్లేట్‌లెట్ల పైపొర మీద నిలబడాలంటే ఆ గుంపులు ఉండాల్సిందే. అమెరికాలో గ్యారీ నెల్సెస్ట్యుయెన్ బృందం కూడా అదే ఏడు అదే తేల్చింది. ఆ గుంపులను తగిలించే ఎంజైముకు విటమిన్ ‘కె’ కావాలి. ప్రోత్రాంబిన్‌తో పాటు నెత్తురు గడ్డకట్టించే 7, 9, 10 అంశాలకూ, గడ్డకట్టడాన్ని అదుపుచేసే సి, ఎస్ ప్రోటీన్లకూ ఇదే తంతు. ఒంట్లో ఈ విటమిన్ నిల్వ చాలా స్వల్పం. ఊరంతటికీ ఒకే చేద ఉన్న బావి లాంటి వ్యవహారం: పని చేసిన ప్రతిసారీ విటమిన్ ఎపాక్సైడుగా మారి పైకొస్తుంది, దాన్ని మళ్ళీ కిందికి వదిలితేనే తర్వాతి చేద నీళ్ళు. మళ్ళీ వదిలే పని చేసే ఎంజైమును వార్ఫరిన్ కట్టిపడేస్తుంది. బెల్, మాట్‌ష్నర్ 1970ల మొదట్లోనే ఈ ఊహ చేశారు. ఆ ఎంజైమును శుద్ధంగా విడదీయబోయిన వాళ్ళంతా విఫలమయ్యారు. కణంలోని పొర నుంచి బయటకు తీయగానే అది పనిచేయడం మానేసేది.

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రవేత్త డారెల్ స్టఫోర్డ్ ఈ చక్రాన్ని ఎన్నో ఏళ్ళు పట్టుకుని వేలాడాడు. కార్బాక్సిల్ తగిలించే ఎంజైము జన్యువును 1991లో ఆయన ప్రయోగశాలే పట్టుకుంది. రెండోది, వార్ఫరిన్ కట్టిపడేసేది, దొరకలేదు. దారి చూపింది మళ్ళీ తేడా ప్రాణులే. మొండి ఎలుకల జన్యువు ఏ క్రోమోజోము మీద ఉందో జర్మనీలో, అమెరికాలో గీతలు గీసుకుంటూ వచ్చారు. జర్మనీలో జోహానెస్ ఓల్డెన్‌బర్గ్ బృందానికి, పుట్టుకతోనే విటమిన్ ‘కె’ మీద ఆధారపడే అంశాలన్నీ తక్కువగా ఉన్న రెండు కుటుంబాలు దొరికాయి. వాళ్ళ లోపం మనిషి 16వ క్రోమోజోము మీద, ఎలుకల గుణానికి సరిజోడైన చోటే ఉందని 2002లో తేలింది. తర్వాత రెండు బృందాలు రెండు దారుల్లో నడిచాయి. ఓల్డెన్‌బర్గ్ వాళ్ళు ఆ ప్రాంతంలోని జన్యువులను ఆ కుటుంబాల్లో, మందుకు లొంగని రోగుల్లో, మొండి ఎలుకల్లో ఒక్కొక్కటిగా చదివారు. స్టఫోర్డ్, టావ్ లీ వాళ్ళు ఆ ప్రాంతంలోంచి 13 జన్యువులను ఏరి, పెంచిన కణాల్లో చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో ఒక్కోదాని నోరు నొక్కి చూశారు. ఒక్కదాన్ని నొక్కినప్పుడే ఎంజైము పని పడిపోయింది. 2004 ఫిబ్రవరి 5 ‘నేచర్’ సంచికలో రెండు వ్యాసాలూ పక్కపక్కన వచ్చాయి. జన్యువు ఒకటే: వీకేఓఆర్‌సీ1. దాని ప్రోటీను 163 అమైనో ఆమ్లాల చిన్నది. దశాబ్దాలుగా జీవరసాయనవేత్తలను ఏడిపించిన ఎంజైము ఇంత పొట్టిదా అని ఆ రంగంవాళ్ళు నివ్వెరపోయి ఉంటారు. ఈ కథలో అసలు మలుపు ఇదేనని నేననుకుంటాను. నోబెల్ బహుమతి 1943లోనే ఇచ్చేశారు కాబట్టి ఈ రెండు బృందాల పేర్లు రంగం బయట ఎవరికీ తెలియవు.

ఇక్కడో పిట్టకథ. 2011లో రైస్ విశ్వవిద్యాలయం మైకేల్ కోన్ బృందం యూరప్‌లోని కొన్ని ఇంటి చుంచెలుకల్లో మందుకు లొంగని వీకేఓఆర్‌సీ1 ఎలా వచ్చిందో వెతికితే, అది అల్జీరియా చుంచు అనే వేరే జాతితో కలవడం వల్ల అప్పుగా వచ్చిందని తేలింది. విషాన్ని తప్పించుకోవడానికి ఎలుకలు పొరుగు జాతి జన్యువునే తెచ్చుకున్నాయన్నమాట.

మందుకు లొంగనివాళ్ళ లెక్క తేలాక, మిగిలిన మనందరిలో తేడాల సంగతి వచ్చింది. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అలన్ రెట్టీ 1992లోనే వార్ఫరిన్‌లోని బలమైన సగాన్ని కాలేయంలో సీవైపీ2సీ9 అనే ఎంజైము విరగ్గొడుతుందని చూపించాడు. 1999లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో గురుప్రసాద్ ఐతాళ్, ఆన్ డేలీ వాళ్ళు ఈ ఎంజైము మందకొడిగా ఉన్నవాళ్ళకు మందు తక్కువే చాలనీ, వాళ్ళకు నెత్తురు కారే ప్రమాదం ఎక్కువనీ ‘లాన్సెట్’లో రాశారు. 2005లో మార్క్ రీడర్, రెట్టీ బృందం వీకేఓఆర్‌సీ1 వైపు తిరిగింది. జన్యువు ఉత్పత్తిని తగ్గించే రూపం రెండు ప్రతుల్లోనూ ఉన్నవాళ్ళకు సగటున రోజుకు 2.7 మిల్లీగ్రాములు, ఒక ప్రతిలో ఉంటే 4.9, అసలు లేకపోతే 6.2. మందు కట్టేయాల్సిన ప్రోటీనే తక్కువ ఉంటే మందూ తక్కువే కావాలి, లెక్క సరిగ్గా కుదిరింది. తర్వాత రెట్టీ బృందమే విటమిన్ ‘కె’ను విరగ్గొట్టే ఎంజైము సీవైపీ4ఎఫ్2 అని 2009లో చూపించింది. దాంట్లో మార్పు ఉన్నవాళ్ళకు మందు కొంచెం ఎక్కువ కావాలి. జన్యువులు, వయసు, ఒంటి పరిమాణం, వాడే ఇతర మందులు అన్నీ కలిపినా మోతాదు తేడాల్లో సుమారు సగమే వివరించగలిగారు. మిగతా సగం ఇంకా మన వంటింట్లో, మన అలవాట్లలో, చదవని జన్యువుల్లో ఉంది.

అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో ఈ జన్యువుల ప్రస్తావనను మందు పెట్టె మీది సమాచారంలో చేర్చింది, 2010లో మోతాదు పట్టికే ఇచ్చింది. 2013లో ఒకేసారి వెలువడిన రెండు పరీక్షలు రెండు రకాలుగా చెప్పాయి. బ్రిటన్, స్వీడన్ రోగుల్లో జన్యు పరీక్ష చేసి మందు మొదలుపెడితే ఐ.ఎన్.ఆర్. సరైన మేరలో ఉన్న కాలం 60.3 శాతం నుంచి 67.4 శాతానికి పెరిగింది. అమెరికాలో వెయ్యికి పైగా రోగుల్లో ఏ లాభమూ కనబడలేదు. నల్లజాతి రోగులకైతే జన్యు లెక్కతో మరింత దిగజారింది. కారణం దాచుకోవాల్సినంత క్లిష్టమేమీ కాదు. ఆ లెక్కలో వెతికిన మార్పులు ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ళలో దొరికేవి. ఆఫ్రికా మూలాలున్నవాళ్ళలో మోతాదును మార్చే సీవైపీ2సీ9 రూపాలు కొన్నింటిని వెతకనే లేదు. 2017లో బ్రయన్ గేజ్ నడిపిన పరీక్షలో, తుంటి మోకాలి ఆపరేషన్లు చేయించుకున్న 65 ఏళ్ళు దాటినవాళ్ళలో జన్యువులు చూసి ఇచ్చినవాళ్ళకు చెడు ఫలితాలు 14.7 శాతం నుంచి 10.8 శాతానికి తగ్గాయి. ఆ రోగుల్లో అత్యధికులు తెల్లవాళ్ళే. అంటే పరీక్ష తప్పు కాదు, ఎవరి నెత్తురు చూసి పట్టిక గీశారన్నదే తేడా.

మన సంగతికొద్దాం. 2009లో అంతర్జాతీయ కూటమి ఒకటి ప్రచురించిన మోతాదు సూత్రంలో ‘ఆసియా’ అని ఒకే గడి ఉంది. చైనా, జపాన్ ప్రజల్లో వీకేఓఆర్‌సీ1 తక్కువ మోతాదు రూపం పదింట తొమ్మిది ప్రతుల్లో ఉంటుంది. యూరప్‌వాళ్ళలో పదింట నాలుగు. దక్షిణ భారతీయుల్లో పదింట ఒకటో రెండో. అంటే వార్ఫరిన్ విషయంలో మనం బీజింగ్‌వాళ్ళకన్నా లండన్‌వాళ్ళకు దగ్గర, ఒక్కోసారి వాళ్ళనూ దాటిపోతాం. మనల్ని ఆ గడిలో పడేసి లెక్క కడితే తక్కువ మోతాదు వస్తుంది, తక్కువ మోతాదంటే కవాటం మీద గడ్డ. ఈ విషయం మనవాళ్ళు గుర్తించకపోలేదు. పుదుచ్చేరిలోని జిప్‌మర్ దక్షిణ భారతీయుల్లో ఈ జన్యువులను కొలిచింది. హైదరాబాద్ నిమ్స్ బృందం మన రోగుల జన్యువులతో ప్రత్యేకంగా మోతాదు సూత్రం కట్టి 2012లో ప్రచురించింది. ఆ సూత్రం వైద్యుల బల్ల మీదికి ఎందుకు రాలేదని అడిగే హక్కు మనకుంది.

పాత మందు పని అయిపోయిందని 2010 తర్వాత చాలామంది రాశారు. డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్ వరసగా వచ్చాయి. వాటికి ఐ.ఎన్.ఆర్. అక్కర్లేదు, ఆకుకూరల బెడద లేదు. కానీ లోహపు కవాటాలున్నవాళ్ళకు డాబిగాట్రాన్ ఇచ్చి చూస్తే గడ్డలూ పెరిగాయి, నెత్తురు కారడమూ పెరిగింది. పరీక్ష మధ్యలోనే ఆపేశారు. కీళ్ళవాతపు జ్వరం వల్ల కవాటాలు చెడి, గుండె లయ తప్పినవాళ్ళకు ఏది మేలన్నది తేల్చడానికి 24 దేశాల్లో నాలుగున్నర వేలమందితో ఇన్విక్టస్ అనే పరీక్ష జరిగింది. దాన్ని నడిపినవాళ్ళలో ఢిల్లీ ఎయిమ్స్ కార్డియాలజిస్టు గణేశన్ కార్తికేయన్ ఒకరు. 2022లో వచ్చిన ఫలితం: రివరోక్సబాన్ కన్నా వార్ఫరిన్ కుటుంబపు మందులు వాడినవాళ్ళలో మరణాలు తక్కువ. ఆ జబ్బు పాశ్చాత్య దేశాల్లో దాదాపు పోయింది, మన దగ్గర ఇంకా ఉంది. కాబట్టి 1939లో బూజుగడ్డి నుంచి మొదలైన ఆ కుటుంబపు మందుతో మనకు ఇంకా చాలాకాలం పని ఉంటుంది. త్రివేండ్రం శ్రీచిత్ర సంస్థ తయారుచేసి 1990 డిసెంబరులో మొదటిసారి అమర్చిన చవక కవాటం వేసుకున్న పేదవాళ్ళకూ ఈ మందే గతి.

ప్రయోగశాలలు కూడా దీన్ని వదల్లేదు. సెయింట్ లూయిస్‌లో వెయికాయ్ లీ బృందం 2020 చివర్లో వీకేఓఆర్‌సీ1 ప్రోటీనులో వార్ఫరిన్ ఎలా కూర్చుంటుందో పరమాణువుల స్థాయిలో చూపించింది. వార్ఫరిన్ అడ్డున్నా విటమిన్ ‘కె’ పెద్ద మోతాదులో ఇస్తే ఎలా పనిచేస్తుందన్న పాత చిక్కు 2022లో విడింది. ఆ దొడ్డిదారి ఎఫ్‌ఎస్‌పీ1 అనే ఎంజైముది. 1951లో ఆ సైనికుడిని బతికించిన దారి అదే.

ఆకుకూరల మాట చెప్పి ముగిస్తాను. వార్ఫరిన్ కుటుంబానికే చెందిన అసిట్రామ్ మొదలవగానే, విటమిన్ ‘కె’ ఉంటుందని మన ఇళ్ళలో తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు అన్నీ బంద్ చేస్తారు. కానీ 2007లో న్యూకాసిల్ బృందమే ఐ.ఎన్.ఆర్. నిలకడ లేని రోగులకు రోజూ 150 మైక్రోగ్రాముల విటమిన్ ‘కె’ ఇచ్చి చూస్తే చాలామందిలో నిలకడ పెరిగింది. ఒంట్లో విటమిన్ అడుగంటినవాళ్ళకు ఒక్క పూట పప్పుకూరే పెద్ద కుదుపు. రోజూ కొంచెం తినేవాళ్ళకు అది లెక్కలోకి రాదు. కాబట్టి ఈ మందు వాడేవాళ్ళు ఆకుకూర పూర్తిగా మానకండి, వారం వారం ఒకే లెక్కన తినండి. మార్చాలనుకుంటే ముందు డాక్టరుతో చెప్పి మార్చండి. పరీక్ష తేదీ తప్పించకండి. నొప్పి మాత్రైనా, నాటు మందైనా, యాంటీబయాటిక్ అయినా కొత్తది మొదలుపెట్టే ముందు ఈ మాత్ర సంగతి చెప్పండి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా సరే, ఐ.ఎన్.ఆర్. పుస్తకం వెంట తీసుకెళ్ళండి.